పాత ఫోన్ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కి మార్చాలి, సెట్టింగులు ఒక్కటీ పోకూడదు. ఎలా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, నాకు అర్థమైంది సరైనదో కాదో మీకూ తెలుస్తుంది. కూకట్‌పల్లిలో మీది డయాగ్నస్టిక్ సెంటర్. 70 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్ నంబర్లు), ఒక పీఆర్‌ఐ లైను (ఒకే వైరు మీద చాలా కాల్స్ తెచ్చే టెలిఫోన్ లైను), ఒక ఎస్‌ఐపీ ట్రంకు (నెట్‌వర్క్ మీద వచ్చే ఫోన్ లైను), తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడు భాషల ఐవీఆర్ ('ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అని చెప్పే గొంతు). సర్వర్ మీద ఫ్రీపీబీఎక్స్ 16 (సెట్టింగులు స్క్రీన్ మీద పెట్టుకునే సాఫ్ట్‌వేర్), దాని లోపల ఆస్టరిస్క్ 16 (కాల్స్ నడిపేది అదే). మొదట సెట్ చేసిన అతను ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చిన వెండర్ "పాతది పనికిరాదు, ఫార్మాట్ కొట్టి మొదటి నుంచి చేయాలి" అని కొటేషన్ ఇచ్చాడు. ఉన్న సెట్టింగులు ఉంచుకుని అప్‌గ్రేడ్ చేసుకునే దారి లేదా అని అడుగుతున్నారు.

ఉందండీ. మీ ఎక్స్‌టెన్షన్లు, ఐవీఆర్, రింగ్ గ్రూపులు, కాల్స్ వెళ్లే రూట్లు, వాయిస్‌మెయిల్, రికార్డింగులు అన్నీ కొత్త వెర్షన్‌కి వస్తాయి. మొదటి నుంచి చేయనక్కర్లేదు. వెండర్ చెప్పినదాంట్లో నిజం ఒక్కటే: ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం మారాల్సిందే. కానీ దానికోసం మీ పాత మిషన్‌ను ఫార్మాట్ కొట్టాల్సిన పని లేదు. నడుస్తున్న మిషన్ మీద అప్‌గ్రేడ్ చేయకండి. పక్కన ఇంకో మిషన్ పెట్టి, దానిమీద కొత్తది ఎక్కించి, సెట్టింగులు అందులోకి తెచ్చి, అన్నీ పరీక్షించాక ఒక రోజు వైరు మార్చండి. నేను పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో ఆస్పత్రులకు, కాల్ సెంటర్లకు ఈ పని చేస్తున్నాను. నడుస్తున్నదాని మీదే చేసేద్దాం అనుకున్న ప్రతిసారీ ఆ రాత్రి నిద్ర పోయింది.

(కమాండ్లు, ఫైళ్ల పేర్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మిషన్ మీద మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి, అది మీకు చెప్పనక్కర్లేదు.)

ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు మారాలంటే, మీ ఫ్రీపీబీఎక్స్ 16 కూర్చున్నది సెంటోస్ 7 అనే లైనక్స్ ఆధారంగా తయారైన సిస్టమ్ మీద. సెంటోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. ఫ్రీపీబీఎక్స్ 17 డెబియన్ 12 అనే వేరే లైనక్స్ మీద నడుస్తుంది. పునాదే వేరైనప్పుడు పాత ఇంటి మీదే అంతస్తు వేయడం కుదరదు కదా. అందుకే 16 నుంచి 17కి వెళ్లడమంటే బ్యాకప్ తీసి, కొత్త మిషన్‌లో రీస్టోర్ చేయడమే. లోపలి ఆస్టరిస్క్ 16కి కూడా 2023 అక్టోబరుతో కాలం చెల్లింది. ఎక్కువకాలం సపోర్టు ఉండే వెర్షన్లలో ఇప్పుడు చూడాల్సినవి 20, 22. 20కి 2027 అక్టోబరు దాకా, 22కి 2029 అక్టోబరు దాకా గడువు. ఇంత కష్టపడి మారుస్తున్నారు కాబట్టి 22కే వెళ్లండి.

ఇక అసలు విషయం. "కాన్ఫిగరేషన్ పోయింది" అని నాకు ఫోన్ చేసినవాళ్లలో, అప్‌గ్రేడ్ వచ్చి ఫైళ్లను తుడిచేసిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అందరిదీ ఒకటే కథ. కాన్ఫిగరేషన్ అంటే ఏమిటో, అది ఎక్కడెక్కడ ఉందో తెలియక, ఒక చోటి నుంచి తీసుకుని పది చోట్ల వదిలేసి వచ్చారు. ఫ్రీపీబీఎక్స్ బ్యాకప్ మాడ్యూలు మంచిదే. స్క్రీన్ మీద మీరు క్లిక్ చేసి పెట్టినవన్నీ అది తీసుకుంటుంది. వెళ్లిపోయిన ఆయన రాత్రిపూట టెర్మినల్ తెరిచి చేత్తో పెట్టినవి దానికి తెలియవు. మీ సర్వర్‌లో అలాంటివి ఎన్ని ఉన్నాయో ముందు కనిపెట్టాలి. రెండు సాయంత్రాలు దీనికే పెట్టండి, కొత్త మిషన్ కొనకముందే.

మొదట ఆస్టరిస్క్ సెట్టింగుల ఫోల్డర్ చూడండి, ఈటీసీ లోపల ఆస్టరిస్క్ అనే పేరుతో ఉంటుంది. అందులో పేరు చివర 'అడిషనల్' అని ఉన్న ఫైళ్లు ఫ్రీపీబీఎక్స్ తనంతట తానే రాసుకునేవి. వాటిని మోసుకెళ్లకండి, కొత్త మిషన్ తనవి తాను రాసుకుంటుంది. 'కస్టమ్' అని ఉన్నవి మనుషులు రాసినవి, అవే మీ ఆస్తి. ముఖ్యంగా ఎక్స్‌టెన్షన్స్ కస్టమ్, మేనేజర్ కస్టమ్ ఫైళ్లు తెరిచి చదవండి. మేనేజర్ ఫైల్లో మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేరో సీఆర్‌ఎమ్మో (పేషెంట్ల వివరాలు ఉంచే సాఫ్ట్‌వేర్) ఫోన్ సర్వర్‌తో మాట్లాడటానికి వాడే యూజర్, పాస్‌వర్డు, ఏ ఐపీ నుంచి రావచ్చో ఉంటాయి. అది రాకపోతే ఫోన్లు బాగానే మోగుతాయి, రిసెప్షన్ స్క్రీన్ మీద పేషెంటు పేరు మాత్రం రాదు. అది ఫోన్ సర్వర్ వల్లే అని తేలేసరికి రెండు రోజులు పోతాయి.

రెండోది, డేటాబేసులు. ఫ్రీపీబీఎక్స్‌కి మరియాడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రెండుంటాయి: ఆస్టరిస్క్ అనేది సెట్టింగులకి, ఆస్టరిస్క్ సీడీఆర్ డీబీ అనేది కాల్ రికార్డులకి. ఇవి కాక మూడోదొకటి ఉంది, చాలామంది మరిచిపోతారు. ఆస్టరిస్క్ సొంతంగా పెట్టుకునే చిన్న ఎస్‌క్యూలైట్ ఫైలు, ఆస్ట్‌డీబీ అంటాం. వార్ లిబ్ ఆస్టరిస్క్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఎవరు కాల్ ఫార్వర్డ్ పెట్టుకున్నారు, ఎవరు డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్నారు, డే నైట్ మోడ్ ఎటువైపు ఉంది, క్యూలోకి ఎవరు లాగిన్ అయ్యారు, ఇవన్నీ అందులోనే. ఆస్టరిస్క్ కమాండ్ లైన్‌లో 'డేటాబేస్ షో' అని కొడితే మొత్తం కనిపిస్తుంది. దాన్ని ఒక టెక్స్ట్ ఫైల్లోకి తీసి పెట్టుకోండి. మారిన మర్నాడు డాక్టరుగారు "నా ఫోన్ సెల్‌కి ఫార్వర్డ్ అయ్యేది, ఇప్పుడు అవ్వట్లేదు" అంటే, ఏ నంబరుకు ఉండేదో చూసి చెప్పడానికి ఆ ఫైలే దిక్కు.

కాల్ రికార్డుల డేటాబేసు గురించి ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి నడిచిన సర్వర్‌లో అది కొండలా పెరిగి ఉంటుంది. అందులోనూ కాల్‌లో జరిగే ప్రతి ఘట్టాన్నీ రాసుకునే సీఈఎల్ టేబుల్, ఒక్కో కాల్‌కి పది పదిహేను వరుసలు రాస్తుంది. దాన్ని కూడా ఒకే బ్యాకప్‌లో కలిపేస్తే రీస్టోర్ గంటలకొద్దీ అక్కడే తిరుగుతుంది, చచ్చిందో బతికిందో తెలియదు. సెట్టింగుల బ్యాకప్ వేరు, కాల్ రికార్డులు వేరు, ఆడియో రికార్డింగులు వేరు. మూడింటినీ మూడు పనులుగా చేయండి. ఆడియో రికార్డింగులను ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో వారం ముందే కాపీ చేయడం మొదలుపెట్టండి. చివరి రోజు మళ్లీ కొడితే కొత్తగా చేరినవి మాత్రమే వెళ్తాయి.

మూడోది మీ ఐవీఆర్ గొంతులు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. సోమాజిగూడలో ఒక క్లినిక్‌లో తెలుగు గ్రీటింగ్ చెప్పిన మేడమ్ రిటైరై అమెరికాలో కూతురి దగ్గర ఉన్నారు. పాత టెక్నీషియన్ బ్యాకప్‌లో సౌండ్ ఫైళ్లు లేవు. కొత్త గొంతుతో రికార్డు చేయిస్తే ఓనరుగారికి నచ్చలేదు, పేషెంట్లు ఆ గొంతుకు అలవాటు పడ్డారట. చివరికి పాత హార్డ్ డిస్కు కోఠీలో రిపేరు షాపులో దొరికితే అందులోంచి తీశాం. మీవి సౌండ్స్ ఫోల్డర్‌లో భాష పేరు కింద 'కస్టమ్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. బ్యాకప్ మాడ్యూలు తీసుకుంటుంది, అయినా విడిగా ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ విని, ఏది ఏమిటో కాగితం మీద రాసుకోండి. ఎప్పుడైనా కొత్తగా చేయించాల్సి వస్తే 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా ఇమ్మనండి.

నాలుగోది, ఏజీఐ స్క్రిప్టులు, అంటే కాల్ మధ్యలో ఆస్టరిస్క్ నడిపే చిన్న ప్రోగ్రాములు. "రిపోర్టు రెడీ అయిందా తెలుసుకోవడానికి మీ బిల్లు నంబరు నొక్కండి" లాంటిది మీ ఐవీఆర్‌లో ఉంటే, దాని వెనక ఒక స్క్రిప్టు ఉన్నట్టే. ఏజీఐ బిన్ ఫోల్డర్‌లో వెతకండి. ఫైలును కాపీ చేయడం తేలిక, అది అక్కడ నడవడం వేరే సంగతి. ఆ స్క్రిప్టులు ఎక్కువగా రాసేది పీహెచ్‌పీ భాషలో. ఫ్రీపీబీఎక్స్ 16లో పీహెచ్‌పీ 7.4, 17లో పీహెచ్‌పీ 8.2. మధ్యలో కొన్ని పాత ఫంక్షన్లు పూర్తిగా తీసేశారు, 'ఈచ్' అనేది అందులో ఒకటి, పాత కోడ్‌లో చాలా చోట్ల కనిపిస్తుంది. స్క్రిప్టు పైథాన్ 2లో రాసి ఉంటే ఇంకా కష్టం, డెబియన్ 12లో పైథాన్ 2 లేనే లేదు. అలాగే స్క్రిప్టు ఓడీబీసీ ద్వారా వేరే డేటాబేసుకు వెళ్తుంటే, ఆ సెట్టింగు ఆస్టరిస్క్ ఫోల్డర్‌లో ఉండదు, ఈటీసీలోనే ఓడీబీసీ పేరుతో విడిగా ఉంటుంది. డ్రైవర్ ఫైలు ఉండే చోటు కూడా డెబియన్‌లో వేరు.

ఐదోది క్రాన్‌ట్యాబ్, అంటే వేళకి తమంతట తామే నడిచే పనుల జాబితా. రూట్ యూజర్‌దీ (మిషన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) చూడండి, ఆస్టరిస్క్ యూజర్‌దీ చూడండి. ఒక చోట సర్వర్ మార్చిన మూడు నెలలకు ఒక్కసారిగా ఫోన్లన్నీ ఆగిపోయాయి. వెళ్లి చూస్తే డిస్కు నిండిపోయింది. పాత మిషన్‌లో 60 రోజులు దాటిన రికార్డింగులను తుడిచే ఒక్క లైను క్రాన్‌లో ఉండేది. అది నేనే తీసుకురాలేదు. ఆ ఒక్క లైనూ కాన్ఫిగరేషనే.

ఇప్పుడు ఆరోది. మీకు ఎస్‌ఐపీ ట్రంక్ ఉందన్నారు కాబట్టి దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి. మన దగ్గర ట్రంక్ ఇచ్చే కంపెనీలు చాలాసార్లు మామూలు ఇంటర్నెట్ మీద ఇవ్వవు. విడిగా ఫైబర్ లాగి, ఒక చిన్న రౌటర్ పెట్టి, అందులోంచి మీ సర్వర్ రెండో లాన్ పోర్టుకు వైరు ఇస్తారు. 10తో మొదలయ్యే ప్రైవేటు ఐపీ ఒకటి ఇస్తారు. వాళ్ల సర్వర్ ఐపీకి వెళ్లాలంటే ఈ రెండో పోర్టు గుండా వెళ్లాలి అని చెప్పే స్టాటిక్ రూట్ మీ లైనక్స్‌లో ఉంటుంది. అది ఫ్రీపీబీఎక్స్ బ్యాకప్‌లో రాదు. సెంటోస్‌లో నెట్‌వర్క్ స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో 'రూట్' అనే పేరుతో మొదలయ్యే చిన్న ఫైలు అది, అందులో ఉండేది మహా అయితే ఒకటి రెండు లైన్లు.

బేగంపేటలో ఒక ఆఫీసులో రాత్రి పదకొండింటికి అంతా మార్చేశాను. లోపలి ఫోన్లు ఒకదానికొకటి మోగుతున్నాయి, ఐవీఆర్ పాడుతోంది, బయటికి ఒక్క కాల్ వెళ్లట్లేదు. ట్రంక్ సెట్టింగులు నాలుగుసార్లు సరిచూశాను, అక్షరం తేడా లేదు. ట్రంక్ కంపెనీ సపోర్టుకు ఫోన్ చేస్తే "మా వైపు అంతా బాగుంది" అన్నారు, నిజంగానే బాగుంది. ఒంటిగంటన్నరకి పాత మిషన్ మళ్లీ ఆన్ చేసి, 'ఐపీ రూట్' అని కొట్టి, రెండు స్క్రీన్లు పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు కనపడింది. ఒక్క లైను తేడా. అప్పటి నుంచి పాత మిషన్ ముట్టుకోకముందే 'ఐపీ అడ్రస్', 'ఐపీ రూట్', ఫైర్‌వాల్ రూల్స్, క్రాన్‌ట్యాబ్ ఈ నాలుగింటి అవుట్‌పుట్ ఫైల్లోకి తీసి ప్రింటు కొట్టించుకుంటాను. నవ్వేవాళ్లు నవ్వారు, కాగితం మాత్రం పనికొస్తోంది.

కొత్త వెర్షన్‌లో చాన్ ఎస్‌ఐపీ (ఫోన్లను సర్వర్‌తో కలిపే పాత డ్రైవర్) లేదు. మీకు నిజమైన పని ఇక్కడే. పాత సర్వర్లలో ఫోన్లు ఎక్కువగా చాన్ ఎస్‌ఐపీ అనే డ్రైవర్ మీద రిజిస్టర్ అయి ఉంటాయి. ఆస్టరిస్క్ 17లో దాన్ని ఇక వాడొద్దన్నారు, 19 నుంచి మామూలుగా కంపైల్ చేస్తే రాదు, 21లో పూర్తిగా తీసేశారు. దాని స్థానంలో పీజేసిప్ అనే కొత్త డ్రైవర్. బ్యాకప్‌ను ఉన్నదున్నట్టు రీస్టోర్ చేస్తే ఎక్స్‌టెన్షన్లు స్క్రీన్ మీద అన్నీ కనిపిస్తాయి, ఫోన్ మాత్రం ఒక్కటీ రిజిస్టర్ కాదు. చూసినవాళ్లు కాన్ఫిగరేషన్ పోయిందనే అనుకుంటారు.

నా సలహా ఏమిటంటే, ఈ మార్పు పాత మిషన్ మీదే ముందుగా చేసేయండి. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దన్న నేనే ఇలా అంటున్నానేంటి అనుకోకండి. ఆస్టరిస్క్ 16లో రెండు డ్రైవర్లూ ఉన్నాయి, కాబట్టి ఒక్కో ఎక్స్‌టెన్షన్‌నీ మార్చి చూసి, నచ్చకపోతే వెనక్కి తిప్పొచ్చు. కొత్త సర్వర్, కొత్త డ్రైవర్, కొత్త సిస్టమ్ మూడూ ఒకే రాత్రి మారిస్తే ఏది పాడైందో ఎలా తెలుస్తుంది? ముందు బ్యాకప్ తీసి, మీ టేబుల్ మీది ఫోన్, స్టోర్ రూమ్‌ది, ఇంకొకరిది, మూడు చాలు. ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో డ్రైవర్ మార్చే బటన్ ఉంది. ఒక వారం చూడండి. ట్రాన్స్‌ఫర్, హోల్డ్, పికప్ అన్నీ బాగుంటే ఒక రాత్రి అన్నీ మార్చేయండి.

పోర్టు దగ్గర జాగ్రత్త. మీ సర్వర్‌లో ఏ డ్రైవర్ 5060 మీద ఉందో, ఏది 5160 మీద ఉందో ఎస్‌ఐపీ సెట్టింగుల్లో చూడండి. ఫోన్లన్నీ 5060కే వస్తుంటే, అన్నీ మార్చిన రాత్రి పీజేసిప్‌ను 5060 మీదికి తెచ్చేయండి, అప్పుడు 70 ఫోన్ల దగ్గరికి తిరగాల్సిన పని తప్పుతుంది. పోర్టు మార్చాక రీలోడ్ సరిపోదు, ఆస్టరిస్క్ రీస్టార్ట్ చేయాలి. పాస్‌వర్డులు కూడా అలాగే వెంట వస్తాయి. 101 ఎక్స్‌టెన్షన్‌కి 101 అనే పాస్‌వర్డు ఉంటే అది కూడా వస్తుంది, ఈ వంకతోనైనా వాటిని మార్చండి.

ట్రంకును మాత్రం బటన్ నొక్కి మార్చకుండా చేత్తో కొత్తది తయారు చేసుకోవడమే మంచిది. పాత ట్రంక్ పీర్ డీటెయిల్స్‌లో ఉన్న ప్రతి లైనుకూ కొత్తదాంట్లో జాగా వెతకాలి. యూజర్‌నేమ్ పాస్‌వర్డు లేకుండా కేవలం ఐపీని బట్టి ఒప్పుకునే ట్రంకైతే, పాతదాంట్లో 'ఇన్‌సెక్యూర్' అని ఒక లైను ఉంటుంది. కొత్తదాంట్లో ఆ లైను ఉండదు. రిజిస్ట్రేషన్ నన్, అథెంటికేషన్ నన్ అని పెట్టి, మ్యాచ్ అనే చోట వాళ్ల ఐపీలన్నీ ఇవ్వాలి. ఒక్క ఐపీ వదిలేసినా, ఆ ఐపీ నుంచి వచ్చే కాల్స్ మాత్రమే పడిపోతుంటాయి, పది కాల్స్‌లో మూడు. పట్టుకోవడం మహా కష్టం. ఫ్రమ్ యూజర్, ఫ్రమ్ డొమైన్ ఉంటే అవి కూడా అక్షరం పొల్లుపోకుండా తీసుకెళ్లండి. మన దగ్గర చాలా ట్రంకులకు పైలట్ నంబరు (ఆ ట్రంకు ప్రధాన నంబరు) ఫ్రమ్‌లో కనిపించకపోతే కాల్ తిరిగొచ్చేస్తుంది.

చేత్తో రాసిన డయల్‌ప్లాన్ (ఏ కాల్‌ని ఏం చేయాలో చెప్పే నియమాలు) ఉంటే అందులో మూడు మాటలు వెతకండి. 'ఎస్‌ఐపీ స్లాష్' అని ఉన్న చోటల్లా 'పీజేసిప్ స్లాష్' కావాలి. 'మాక్రో' 21లో తీసేశారు, దాని బదులు గోసబ్ రాయాలి, చివర రిటర్న్ పెట్టడం మరిచిపోవద్దు, మాక్రోకి అది అవసరం ఉండేది కాదు. 'మానిటర్' కూడా పోయింది, మిక్స్‌మానిటర్ వాడాలి.

పీఆర్‌ఐ సంగతి. మీ లైను ఈ1, అంటే 30 మాట్లాడే చానళ్లు, 16వది సిగ్నలింగ్‌కి. కార్డు పాత మిషన్‌లో ఉంది. ముందు మిషన్ మూత తీసి అది మామూలు పీసీఐ కార్డా, పీసీఐ ఎక్స్‌ప్రెస్సా చూడండి. ఇప్పుడొచ్చే సర్వర్లలో పాత పీసీఐ స్లాటు ఉండదు, కొన్నాక తెలిస్తే బాధ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అయినా ఆ కార్డును నడిపే డాహ్‌డీ డ్రైవర్‌ను కొత్త కెర్నల్‌కి తగ్గట్టు ఎక్కించుకోవాలి, ఆ తర్వాత కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ అదే టెన్షన్. అందుకే నేను ఇప్పుడు ఎవరికైనా ఈ1 గేట్‌వే బాక్సే చెబుతున్నాను. పీఆర్‌ఐ వైరు బాక్సులోకి, బాక్సు నుంచి లాన్‌లో ఎస్‌ఐపీగా సర్వర్‌కి. అప్పుడు సర్వర్‌ను వర్చువల్ మిషన్‌గా కూడా పెట్టుకోవచ్చు, స్నాప్‌షాట్ తీసుకోవచ్చు. ఖర్చు ఎక్కువే, కానీ రేపు సర్వర్ మళ్లీ మార్చినా లైను కదలదు. కార్డే ఉంచుతానంటే, ఈటీసీ డాహ్‌డీలోని సిస్టమ్ ఫైలును ముందే దాచుకోండి. డాహ్‌డీ జెన్‌కాన్ఫ్ కమాండ్ ఆ ఫైలును తిరగరాస్తుంది. అందులో మీ లైనుకు తగ్గట్టు ఎవరో పెట్టిన హెచ్‌డీబీ3, సీఆర్‌సీ4 లాంటి లైను సెట్టింగులు ఉంటాయి, అవి మారితే లైను ఎర్రగా మెరుస్తూ కూర్చుంటుంది.

ఇక్కడికి ఫ్రీపీబీఎక్స్ లేకుండా, సోర్స్ నుంచి ఆస్టరిస్క్ కంపైల్ చేసుకున్నవాళ్లు కూడా వస్తారు, వాళ్లకి రెండు ముక్కలు. 'మేక్ ఇన్‌స్టాల్' మీ సెట్టింగుల ఫోల్డర్‌ను ముట్టుకోదు. 'మేక్ శాంపిల్స్' ముట్టుకుంటుంది. మీ ఫైళ్ల పేరు చివర 'ఓల్డ్' తగిలించి పక్కకు నెట్టి, నమూనా ఫైళ్లు పెడుతుంది. కొత్తలో అమీర్‌పేటలో ఒక చిన్న కాల్ సెంటర్‌లో నేను చేసిన పని అదే, ఏదో ట్యుటోరియల్‌లో ఇన్‌స్టాల్ కింద రెండో లైను అది ఉంది కాబట్టి కొట్టేశాను. పాత ఫైళ్లు పక్కనే ఉన్నాయని తెలిసేదాకా చెమటలు పట్టాయి. ఇంకోటి, మాడ్యూల్స్ ఫోల్డర్‌లో పాత వెర్షన్ మాడ్యూళ్లు మిగిలిపోతే కొత్తది స్టార్ట్ అయ్యేటప్పుడే పడిపోవచ్చు. ఇన్‌స్టాల్ చివర పెద్ద హెచ్చరిక చూపిస్తుంది, దాన్ని దాటేసి వెళ్లకండి. పాత ఫోల్డర్ పేరు మార్చి, మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టండి. పీఆర్‌ఐ ఉంటే వరుస డాహ్‌డీ, లిబ్‌పీఆర్‌ఐ, తర్వాతే ఆస్టరిస్క్. లిబ్‌పీఆర్‌ఐ లేకుండా కంపైల్ చేస్తే తప్పేమీ చూపించదు, పీఆర్‌ఐ మాత్రం రాదు. ప్రతి వెర్షన్‌తోపాటు అప్‌గ్రేడ్ సూచనలు వస్తాయి, మధ్యలో దాటేస్తున్న వెర్షన్లవి కూడా చదవాలి.

కొత్త మిషన్‌లో రీస్టోర్ చేసేటప్పుడు అది వేరే ఐపీ మీద ఉండాలి, ట్రంకులు ఆపి ఉంచాలి. రెండు మిషన్లూ ఒకే ట్రంకుకు రిజిస్టర్ అయితే కాల్స్ ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతాయి. రెండు మూడు ఫోన్లు దీనికి కట్టి లోపలి పనంతా పరీక్షించండి. రూట్‌గా కాపీ చేసిన ఫైళ్లు రూట్ పేరు మీదే ఉండిపోతాయి, వాయిస్‌మెయిల్, సౌండ్స్ ఫోల్డర్లను ఆస్టరిస్క్ యూజర్ పేరుకు మార్చండి. లేకపోతే పాత మెసేజీలు కనపడతాయి, కొత్తవి రికార్డు కావు.

టైమ్‌జోన్ చూడటం మరిచిపోకండి. కొత్త లైనక్స్ యూటీసీలో (మన టైముకు ఐదున్నర గంటలు వెనక) ఉండిపోయిన కేసు నేను చూశాను. తొమ్మిది నుంచి ఆరు దాకా ఓపెన్ అని టైమ్ కండిషన్ ఉంది. ఉదయం తొమ్మిదికి సర్వర్ దృష్టిలో తెల్లవారుజాము మూడున్నర. మధ్యాహ్నం రెండున్నర దాకా ఫోన్ చేసిన ప్రతివాడికీ "ప్రస్తుతం మా కార్యాలయం మూసివేయబడింది" అని చెబుతూనే ఉంది. రాత్రి పదకొండున్నర దాకా మాత్రం రిసెప్షన్‌కి శుభ్రంగా కలిపింది.

ఏ రోజు మార్చాలి? ఐటీ కంపెనీలకైతే శనివారం రాత్రి అంటాను, లేదా సంక్రాంతికి ఊరంతా ఖాళీ అయినప్పుడు. మీది డయాగ్నస్టిక్ సెంటర్. ఆదివారం పొద్దున ఆరింటికే పరగడుపు శాంపిళ్ల కోసం జనం, హోమ్ కలెక్షన్ ఫోన్లు. కాబట్టి శనివారం రాత్రి వద్దు, ఆదివారం సాయంత్రం కౌంటర్ మూశాక మొదలుపెట్టండి.

ఆ రోజు పని నిజానికి చిన్నదే, ముందే అన్నీ చేసి ఉంటే. పాతదాంట్లో ఆస్టరిస్క్ ఆపి, చివరి బ్యాకప్ తీసి, కొత్తదాంట్లో ఎక్కించి, పాత మిషన్ లాన్ వైర్లు పీకి, కొత్తదానికి పాత ఐపీలే ఇవ్వండి. ఫోన్లకు తెలిసింది ఆ ఐపీ ఒక్కటే కాబట్టి వాటిని కదపనక్కర్లేదు. ఫోన్లు తమ సెట్టింగులు ఈ సర్వర్ టీఎఫ్‌టీపీబూట్ ఫోల్డర్ నుంచే తెచ్చుకుంటుంటే అది కూడా ముందే కాపీ అయి ఉండాలి. ట్రంక్ రౌటర్ కాసేపు పాత మిషన్ లాన్ కార్డు మ్యాక్ అడ్రసునే (కార్డు సొంత గుర్తింపు) గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరి. బ్రాంచ్ ఆఫీసులుంటే వాటి పబ్లిక్ ఐపీలను, తప్పు పాస్‌వర్డులు కొట్టేవాళ్లను ఆపేసే ఫెయిల్‌టూబ్యాన్‌లో మినహాయింపుగా పెట్టండి. ఒక ఫోన్ తప్పు పాస్‌వర్డుతో పదిసార్లు తడితే ఆ బ్రాంచ్ మొత్తాన్ని బయటికి నెట్టేస్తుంది. ఒక కంపెనీ విజయవాడ బ్రాంచ్ అలా ఒక సోమవారం పొద్దునంతా మూగబోయింది, నేనేమో ఇంటర్నెట్ వాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాను.

పరీక్ష మాటలతో కాదు, కాల్స్‌తో చేయండి. సెల్ నుంచి పీఆర్‌ఐ నంబరుకు, ట్రంక్ నంబరుకు విడివిడిగా చేసి మూడు భాషలూ నొక్కి చూడండి. లోపలి నుంచి సెల్‌కి, ల్యాండ్‌లైన్‌కి, 1800 నంబరుకు, వేరే రాష్ట్రం నంబరుకు చేయండి. ప్రతి కాల్‌లో రెండువైపులా మాట వినిపించాలి. ఒకవైపే వినిపిస్తే ఎస్‌ఐపీ సెట్టింగుల్లో లోకల్ నెట్‌వర్కులు, బయటి ఐపీ, మాట వెళ్లే ఆర్‌టీపీ పోర్టులు 10000 నుంచి 20000 చూడండి. కనీసం ఒక కాల్ పావుగంట మాట్లాడండి, కొన్ని తప్పులు ఆ తర్వాతే బయటపడతాయి.

రాత్రి పన్నెండు దాటినా ఏదైనా కొలిక్కి రాకపోతే పంతం వద్దు. కొత్తదాని వైర్లు పీకి పాతదానికి పెట్టి ఆన్ చేయండి, ఐదు నిమిషాల్లో ఫోన్లు సిద్ధం, పొద్దున్నే వచ్చే జనానికి ఇబ్బంది ఉండదు. ఇంకో ఆదివారం చూసుకుందాం. అంతా బాగున్నా పాత మిషన్‌ను కనీసం రెండు నెలలు అలాగే పక్కన పెట్టి ఉంచండి, దాని డిస్కును వెండర్‌కి ఇవ్వకండి.

మీరు చాన్ ఎస్‌ఐపీలో ఉన్నారా, పీజేసిప్‌లోనా అన్నది ప్రశ్నలో రాయలేదు. పాత మిషన్‌లో 'ఎస్‌ఐపీ షో పీర్స్', 'పీజేసిప్ షో ఎండ్‌పాయింట్స్' రెండూ కొట్టి ఎన్నెన్ని వస్తున్నాయో చెప్పండి, పీఆర్‌ఐ కార్డు ఫొటో కూడా పెట్టండి. ట్రంక్ పీర్ డీటెయిల్స్ పెడితే పాస్‌వర్డు, నంబర్లు చెరిపేసి పెట్టండి. ఏ లైను కొత్తదాంట్లో ఎక్కడికి వెళ్తుందో రాసిస్తాను.